గుత్తి కోట క్రింది సమాధులు చెప్పే చరిత్ర

అనంతపురం జిల్లా గుత్తి కోట కొండ పాదాన ఒక పాత ఆంగ్లేయుల శ్మశానవాటిక ఉన్నది. బళ్లారి, కర్నూలు, అనంతపురం సీమల చరిత్ర తెలుసుకొనగోరేవారికి అది ఒక పాఠశాల వంటిది.

1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయుల కంపెనీకి అప్పగించెను. ‘దత్తమండలాలు’ అనే పేరు అందువలన ఏర్పడినదే. తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేసి, భూములు కొలిపించి, రైతువారీ విధానానికి పునాది వేసెను. తరువాత మద్రాసు గవర్నరైన ఆయన 1827లో స్వదేశానికి వెళ్లబోతూ, ఈ ప్రజలను చివరిసారిగా చూడవలెనని పర్యటనకు వచ్చెను. శిబిరంలో కలరా సోకినది. జులై 6న పత్తికొండలో ఆయన మరణించగా, దేహాన్ని గుత్తికి తెచ్చి ఈ వాటికలోనే ఖననం చేసిరి. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించిరి. అయినను పత్తికొండలో తోట, బావి, గుత్తిలో సత్రం ఆయన జ్ఞాపకార్థం వెలసినవి. సీమలో కొందరు బిడ్డలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకొనిరి.

ఇట్టి సమాధుల శిలాఫలకాలను జె.జె. కాటన్ సేకరించి 1905లో గ్రంథంగా ప్రకటించెను. ఆంగ్లికన్ గురువుల ఖనన రిజిస్టర్ల నకళ్లు లండన్ చేరి, నేడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నవి. కనుక ఇక్కడ రాయి పగిలినా, ఆ దొరల పేరు అక్కడ నిలుచును.

మరి మన ఊరి చర్చి వెనుక శ్మశానం మాటేమిటి? 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారిలో లండన్ మిషనును స్థాపించిన తరువాత ఈ సరిహద్దు గ్రామాలలో సంఘాలు పెరిగినవి. వారిలో అధికులు పేదలు, కూలీలు. రాతి ఫలకానికి స్తోమత లేక మట్టిదిబ్బ, కొయ్య సిలువతో సరిపెట్టుకొనిరి. మట్టి నాలుగు వానలకు కుంగును, కొయ్యను చెదలు తినును. పేరు తెలిసిన ముసలివారు పోయిన పిదప ఆ సమాధి ఎవరిదో చెప్పేవారుండరు. గుర్తులు చెరిగిన నేలను ఖాళీ స్థలమని ఆక్రమించుట కూడ సులభము.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. నవంబరు 2న సమాధుల పండుగకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించుటకు కుటుంబమంతా వెళ్లుదురు గదా! ఆనాడే ఒక నోటుపుస్తకం వెంట తీసుకొని, వరుసక్రమాన ఏ సమాధి ఎవరిదో, ఏ సంవత్సరమో పెద్దలనడిగి వ్రాయండి. తెలుగులోనో కన్నడంలోనో, మీకు వచ్చిన లిపిలో వ్రాయండి. ఒక ప్రతి సంఘకాపరి వద్ద, మరొకటి ఇంటిలో ఉంచండి. చర్చి ఖనన రిజిస్టరుతో సరిచూడండి. శ్మశానం సర్వే నంబరును కూడ అందులో చేర్చండి.

గవర్నరు గారి పేరు నిలుపుటకు ప్రభుత్వమున్నది. మన అవ్వాతాతల పేర్లు నిలుపవలసినది మనమే.