దాచిన సొత్తుకు గాలి తగలాలి

చాలా తెలుగు ఇళ్లలో ఒక వింత కనిపిస్తుంది. తాతయ్య, నానమ్మల పెళ్లి ఫొటో గోడమీద ఇంకా నిక్షేపంగా ఉంటుంది. నానమ్మ ముక్కుపుడకలో రాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. పాతికేళ్ల తర్వాత, 1980ల్లో తీయించుకున్న అమ్మానాన్నల కలర్ ఫొటోలు మాత్రం ఇటుక రంగుకు తిరిగిపోయి ఉంటాయి. అమ్మ కట్టుకున్నది ఆకుపచ్చ చీరో నీలం చీరో ఎవరూ చెప్పలేరు. ఇందులో ఫొటోగ్రాఫర్ తప్పేమీ లేదు. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మను నిలబెట్టేవి వెండి రేణువులు. కలర్ ఫొటోలో ఆ పని చేసేవి రసాయన రంగులు. అప్పటి కాగితాల్లో వాడిన మూడు రంగుల్లో నీలి ఛాయది అన్నిటికంటే బలహీనం. వెలుతురు తగలకుండా చీకట్లో ఉంచినా అదే ముందు వెలిసిపోయేది. అది పోయాక మిగిలేది ఎరుపూ పసుపే కదా! ఆల్బమ్‌ను బీరువా లాకర్లో పెట్టి తాళం వేసినవాళ్లకూ తప్పని గతి ఇది.

పాత వస్తువులను కాలం తినేస్తుందని అంటారు గానీ, ఇళ్లలో జరిగే నష్టంలో పెద్ద వాటా మన జాగ్రత్తలదే. ప్లాస్టిక్ కవర్లో చుట్టడం, లామినేషన్ చేయించడం, చింతపండుతో తళతళా తోమడం, ట్రంకుపెట్టె అడుగున పెట్టి పదేళ్లు తెరవకపోవడం. అన్నీ ప్రేమతో చేసే పనులే. అసలు ఈ వస్తువులను చూసుకోవడం తోటపని లాంటి వ్యాపకం. ఆదివారం పూట ఓ గంట కూర్చుంటే చాలు, ఖర్చు కూడా లేదు. కాకపోతే ఏ వస్తువుకు ఏది పడదో తెలిసి ఉండాలి.

ఫొటోల దగ్గర మొదలుపెడితే, అన్నిటికన్నా చెడ్డది జిగురు పేజీల ఆల్బమ్. పేజీ మీద ఫొటో అతికించి పైన పల్చటి ప్లాస్టిక్ పొర కప్పేది ఒకప్పుడు ప్రతి పెళ్లికీ వచ్చేది. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారి ఫొటో వెనక భాగాన్ని పట్టేసుకుంటుంది. గోరుతో పీకితే చిరుగుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫొటో కిందుగా నెమ్మదిగా రంపంలా లాగితే చాలావరకు క్షేమంగా ఊడివస్తుంది. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫొటో జోలికి మాత్రం వెళ్లకూడదు. వానాకాలపు తేమకు ఫొటో పైపూతలోని జెలటిన్ మెత్తబడి గాజును కరుచుకుంటుంది. పీకితే మొహమే ఊడొస్తుంది. అద్దంతో సహా, మెరుపు పడకుండా మంచి వెలుతురులో మళ్లీ ఫొటో తీయించడమే దారి. ఇక లామినేషన్. పదో తరగతి మార్కుల జాబితాకైనా, తాతగారి ఉత్తరానికైనా అది తిరుగులేని శిక్ష. వేడితో కాగితంలోకి దిగిన జిగురును మళ్లీ బయటికి తీయడం దాదాపు అసాధ్యం.

వెండి రేణువుల బలం తెలియాలంటే హైదరాబాద్‌నే చూడొచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి 1905లో కన్నుమూసిన లాలా దీన్‌దయాళ్ తీసిన గాజు పలకల నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. నూరేళ్లు దాటినా వాటినుంచి ప్రింట్లు తీసుకోగలుగుతున్నారు.

అదే భరోసా పెళ్లి క్యాసెట్లకు లేదు. ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల వయసున్న దంపతుల పెళ్లిళ్లు చాలావరకు వీహెచ్ఎస్ టేపుల మీదే ఉన్నాయి. 1976లో జపాన్‌లో మార్కెట్లోకి వచ్చిన ఆ టేపులను ఆడించే వీసీఆర్‌ల తయారీని చివరిదాకా సాగించిన ఫునాయ్ కంపెనీ కూడా 2016 జులైలో మానేసింది. టేపు మీద అయస్కాంత పొడిని అంటిపెట్టుకుని ఉండే జిగురు తేమను పీల్చుకుని బలం కోల్పోతుంది. ఇలాంటి టేపులకు పదేళ్ల నుంచి ముప్పయ్యేళ్ల ఆయుష్షు అని లెక్క. అంటే చాలామంది పెళ్లి క్యాసెట్లకు గడువు ఈపాటికే దాటిపోయింది. క్యాసెట్ కిటికీలోంచి తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని వీసీఆర్‌లో పెట్టకూడదు. టేపూ తెగుతుంది, బూజు తర్వాతి క్యాసెట్లకూ అంటుకుంటుంది. టేపులను డిజిటల్‌లోకి మార్చే స్టూడియోలు ఇంకా కొన్ని ఉన్నాయి కాబట్టి వెంటనే ఇచ్చేయడం మంచిది. సీడీలోకి ఎక్కించుకుని నిశ్చింతగా ఉండడానికీ లేదు, ఇంట్లో కాల్చిన సీడీల్లోనూ ఉండేది వెలిసిపోయే రంగే. మూడు నకళ్లు చేసి, రెండు రకాల సాధనాల్లో ఉంచి, ఒకటి వేరే ఊళ్లో పెట్టాలన్నది నిపుణులు పాటించే పద్ధతి. పిల్లల్లో ఒకరు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండడం ఇలాంటప్పుడు కలిసొస్తుంది.

పట్టుచీర సంగతి కొంచెం ఎక్కువగా చెప్పుకోవాలి. అమ్మమ్మ పెళ్లి చీరను మించిన గుర్తు ఆడపిల్లకు ఇంకోటి లేదు, దానికి జరిగే అపచారాలూ అన్నీ ఇన్నీ కావు. అసలైన జరీ అంటే సన్నటి వెండి తీగను రేకులా సాగదీసి, పట్టు దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత ఇచ్చినది. అందుకే సెంటు చల్లినా, రబ్బరు బ్యాండు తగిలినా వెండి నల్లబడినట్టే జరీ కూడా నల్లబడుతుంది. అది లోహం కాబట్టి ఒకే మడత మీద ఏళ్లకు ఏళ్లు ఉంచితే ఆ గీత వెంబడి విరిగిపోతుంది. తీసి చూస్తే చీర మడత దగ్గర కత్తితో కోసినట్టు చిరిగి ఉండడానికి కారణం ఇదే. రెండు మూడు నెలలకోసారి చీర విప్పి, నీడలో గాలికి ఆరేసి, మడత మార్చి పెట్టాలి. ఎండలో వెయ్యకూడదు, ఎండకు పట్టు పోగు బలహీనపడుతుంది. షాపు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు తీసేసి, గంజి పెట్టని పాత పంచెలో చుట్టాలి. గంజి అంటే సిల్వర్‌ఫిష్ పురుగుకు విందు భోజనం. చెమట మరకలు, తాంబూలం మరకలు పోకుండా లోపల పెట్టినా పురుగును పిలిచినట్టే.

పురుగు రాకుండా కలరా ఉండలు వేయడం మనకు అలవాటు. వాటిని చీర మడతల్లో నేరుగా పెట్టకుండా చిన్న గుడ్డలో మూటకట్టి మూలన ఉంచాలి. కర్పూరం బిళ్లలూ కలరా ఉండలూ ఒకేచోట వేస్తే మన ఎండాకాలపు వేడికి రెండూ కలిసి కరిగి మరక పడుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. పురిట్లో పిల్లను మెత్తగా ఉంటుందని అమ్మమ్మ పాత చీరలో పడుకోబెట్టడం, నాన్న చిన్నప్పటి శాలువా పెట్టెలోంచి తీసి కప్పడం చాలా ఇళ్లలో ముచ్చట. అయితే కలరా ఉండల్లోని నాఫ్తలీన్ వాసన బట్టలను పట్టుకుని ఉంటుంది. పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లలకు ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ. పరీక్ష చేయిస్తే తప్ప ఉందో లేదో తెలియదు. అందువల్ల పెట్టెలోంచి తీసిన బట్టను ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరేయకుండా పసిబిడ్డ దగ్గరికి తీసుకెళ్లకూడదు.

వీధుల్లో ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని తిరిగేవాళ్లు కొనేది చీరను కాదు, అందులోని వెండిని. జరీని కాల్చి వెండి తీస్తారు. డబ్బు అవసరమైతే అమ్ముకోవచ్చు, అందులో తప్పేం లేదు. బీరువాలో చోటు లేదని అమ్మేయడం మాత్రం అన్యాయం. చిరగని భాగంతో మనవరాలికి పరికిణీ కుట్టించినా ఆ చీర ఇంకో పాతికేళ్లు బతుకుతుంది.

వంటింట్లో ఉన్నవి ఇంకా విలువైనవి, వాటి మీద రాత ఉంటుంది కాబట్టి. పెళ్లికో గృహప్రవేశానికో ఇచ్చే బిందె మీద, పళ్లెం మీద ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ చుక్కల అక్షరాలతో కొట్టించడం మన దగ్గర తరాలుగా ఉన్న పద్ధతి. ఊళ్లో ఎవరింట శుభకార్యమైనా సామాన్లు ఎరువు వెళ్లేవి. తిరిగొచ్చేటప్పుడు ఎవరి గిన్నె ఎవరిదో తేల్చడానికి ఆ పేర్లు అక్కరకొచ్చేవి. ఇప్పుడు అవే ఇంటి చరిత్ర. మేనత్త పేరు, ఆవిడ అత్తగారి ఊరు, పెళ్లి జరిగిన సంవత్సరం ఒక మరచెంబు అంచు మీద దొరుకుతాయి. వేరే ఏ కాగితంలోనూ అవి ఉండకపోవచ్చు. స్టీలు వచ్చాక ఇత్తడి, రాగి, కంచు సామాన్లను తూకానికి వేసి స్టీలు గిన్నెలు తెచ్చుకున్న ఇళ్లలో ఆ చరిత్ర కూడా తూకంలోనే పోయింది.

మిగిలిన వాటిని మెరిపించాలన్న తాపత్రయం తగ్గించుకోవాలి. చింతపండులోని ఆమ్లం మచ్చను కరిగిస్తుంది, దానితోపాటు కాసింత లోహాన్నీ తీసుకుపోతుంది. ఇటుకపొడితో, ఇసుకతో రుద్దితే అక్షరాలు అరిగిపోతాయి. వాడని సామాను ముదురు రంగుకు తిరిగితే దాన్ని అలాగే వదిలేయొచ్చు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వంటకు వాడాలనుకుంటే లోపల కళాయి ఉండాల్సిందే. లేకపోతే చారు, పులుసు లాంటి పుల్లటివి రాగితో కలిసి చిలుము పడతాయి. కళాయి అంటే తగరం. అది 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. నగల విషయంలో చెప్పేది ఒక్కటే. కంటెనో కాసులపేరునో చెరిపించి కొత్తది చేయించుకోవడం ఎవరూ ఆపలేరు. కంసాలి చేతికిచ్చేముందు అన్ని వైపులా ఫొటో తీసి, ఎవరు ఎవరికి పెట్టారో రాసిపెట్టుకుంటే చాలు.

పెరట్లోనూ ఆస్తి ఉంటుంది. పంచితే తరగని వారసత్వం మొక్క ఒక్కటే. అమ్మమ్మ ఇంటి మల్లెపొద కొమ్మను వంచి, కణుపు దగ్గర చిన్న గాటు పెట్టి, మట్టిలో కప్పి బరువు పెడితే ఒకటి రెండు నెలల్లో వేళ్లు పోస్తుంది. అంటు తొక్కడమంటే ఇంతే. కరివేపాకు పిలక తవ్వి తెచ్చుకోవచ్చు. తాత నాటిన మామిడి మాత్రం టెంకతో రాదు. బంగినపల్లి లాంటి మన రకాల్లో టెంకలోని మొలక పరపరాగ సంపర్కంతో పుట్టిన కొత్త బిడ్డ, దాని రుచి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అదే చెట్టు కావాలంటే ఇల్లు అమ్మేలోపే కొమ్మ తీసుకెళ్లి అంటు కట్టించాలి. పాదులో కాసిన చిక్కుడు, బీర, సొర గింజలైతే బాగా ఆరబెట్టి మూత బిగువుగా ఉన్న గాజు సీసాలో పొడి బూడిదతో కలిపి ఉంచొచ్చు. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుందని విత్తన శాస్త్రం చెబుతుంది. హైబ్రిడ్ కాయల గింజలు దాచి లాభం లేదు, తర్వాతి తరంలో ఆ గుణాలు చెదిరిపోతాయి.

ఇన్ని దాచినా వాటి కథ తెలిసినవాళ్లు ఉండాలి. హైదరాబాద్‌లో నిజాం దివాన్‌గా పనిచేసిన మూడో సాలార్‌జంగ్ 1949లో వారసులు లేకుండా పోయినప్పుడు ఆయన ఇంటినిండా ఉన్న వస్తువులు 1951 డిసెంబరు 16న మ్యూజియం అయ్యాయి. మామూలు ఇళ్లకు ఆ అదృష్టం ఉండదు. ఎవరిదో తెలియని ఫొటో, ఎందుకు దాచారో తెలియని టెలిగ్రామ్ తర్వాతి తరానికి చెత్త కిందే లెక్క. మన దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జులైలోనే ఆగిపోయింది. ఆ కాగితం ఏమిటో కూడా ఇప్పటి పిల్లలకు వివరించాల్సిందే.

ఈసారి దసరాకో సంక్రాంతికో అందరూ కలిసినప్పుడు పాత ఆల్బమ్ దించండి. ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టి ఫోన్లో రికార్డింగ్ పెట్టండి. ఒక్కో ఫొటో చూస్తూ వాళ్లు చెప్పే పేర్లు, వరసలు, ఊళ్లు రాసుకోండి. నలుపు తెలుపు ఫొటోల వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, ఒత్తకుండా రాయాలి. బాల్‌పెన్ గీత ముందువైపుకు తేలుతుంది, సిరా కారుతుంది. కలర్ ఫొటోల వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి పెన్సిల్ సరిగా అంటదు. వాటిని ఒక్కొక్కటిగా కాగితపు కవర్లలో పెట్టి వివరాలు కవరు మీదే, ఫొటో లోపల పెట్టకముందే రాసెయ్యండి. స్టేషనరీ కొట్లో 4బీ పెన్సిల్ అని అడిగితే ఇస్తారు.