లైనక్సుపై విండోస్ ప్రోగ్రాములు

ఉర్దూ పుటలు కూర్చుటకు ప్రసిద్ధమైన ఇన్‌పేజ్ విండోస్ కొరకు నిర్మితమైనది. కంప్యూటర్లను లైనక్సునకు మార్చినచో పాత ఉర్దూ ఫైళ్ల గతి ఏమి? 1993లో ఆరంభమై, 1.0 రూపము నందుకొనుటకే 2008 వరకు పట్టిన 'వైన్' దీనికి కొంతవరకు సమాధానము. ఇది విండోస్‌కు నకలు కాదు, దుబాసి. ప్రోగ్రాము విండోస్‌ను 'ఫైలు తెరువు', 'అక్షరము చూపు' అని కోరగా, ఆ కోరికను లైనక్సునకు తెలియు భాషలో వినిపించును.

ఉబుంటులో దీనిని ఉచితముగా స్థాపించుకొనవచ్చును. పాత ప్రోగ్రాములు పెక్కు 32 బిట్లవి గనుక, ఆ భాగమును కూడ చేర్చుకొనుట మరువరాదు. పిమ్మట ప్రోగ్రాము సెటప్ ఫైలును వైన్‌తో తెరువవలెను. హోమ్ ఫోల్డరులో మరుగుననున్న '.వైన్' అను ఫోల్డరు నందు ఒక కల్పిత సి డ్రైవు ఏర్పడి, ప్రోగ్రాము అందు కుదురుకొనును. యంత్రమునకు తగిలించు తాళము కోరు ప్రోగ్రాములు మాత్రము తరచు మొరాయించును; వాటికై ఒక విండోస్ కంప్యూటరును ఉంచుకొనుటయే మేలు.