భాష మారిన విద్య మారునా?

వెబ్ డెవలపర్లు ఒక ప్రోగ్రామింగు భాషనుండి వేరొక భాషకు సులభముగా మారగలరా? పిల్లలు ఈ వృత్తిలోనున్న ఇండ్లలో ఇది తఱచుగా వినవచ్చు ప్రశ్న. పదియేండ్లు ఒక భాషతో జీవనము సాగించినవానిని రేపటినుండి మఱియొక భాషలో వ్రాయుమన్నచో, అతని విద్య యంతయు వ్యర్థమైనట్లేనా? కాదనియే మా సమాధానము. కాని యందొక మెలిక కలదు.

మూడు భాషలను మాత్రము పరిశీలింతము. పైథాను భాషను గీడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిరి. రాస్ముస్ లెర్డార్ఫ్ రచించిన పి.హెచ్.పి.యు, బ్రెండన్ ఐక్ రచించిన జావాస్క్రిప్టును 1995లో వెలువడినవి. విలువకొక పేరిడుట, షరతును పరీక్షించుట, ఒక పనిని మరల మరల చేయించుట, కొన్ని ఆజ్ఞలను ఒకచోట కూర్చి పేరుపెట్టి పిలుచుట - ఇవి మూడింటను కలవు. ఒకదానిలో వీనిని చక్కగా నేర్చినవానికి రెండవదాని వ్యాకరణము త్వరలోనే పట్టుబడును.

ఇక మెలిక. ఒక అంగడి వెబ్‌పుటలో కొనుగోలుదారు 5 వస్తువులు కోరెను; పిమ్మట మఱి 3 కోరెను. గడిలో టైపుచేసిన 5ను బ్రౌజరు సంఖ్యగా గాక అక్షరముగా అందించును. ఆ అక్షరమునకు 3 కూడుమన్నచో, జావాస్క్రిప్టు రెండింటిని ప్రక్కప్రక్కన చేర్చి 53 అనును. పి.హెచ్.పి. అక్షరమును సంఖ్యగా మార్చుకొని 8 అనును. పైథాను ఈ రెండును కలియవని తప్పు చూపి నిలిచిపోవును. గుర్తు ఒక్కటే, ఫలితములు మూడు. పి.హెచ్.పి.కి అలవాటుపడినవాడు జావాస్క్రిప్టులో అదే విధముగా వ్రాసినచో, ఎనిమిది వస్తువులకు బదులు ఏబదిమూడింటికి బిల్లు పోవును. యంత్రము హెచ్చరింపదు, నష్టము కొన్నవానిదో, అమ్మినవానిదో యగును.

మనుష్యభాషలలోను ఇట్లే. మనకు "అవసరము" అనగా కావలసినది. కన్నడమున అదే మాటకు తొందర యని యర్థము. తెలియని మాటను అడిగి తెలిసికొందుము. తెలిసినట్లు తోచుమాటనే పొరపడుదుము.

భాషతోపాటు దాని పరికరములును మారును. పైథానులో జాంగో, పి.హెచ్.పి.లో లారవెల్ అను చట్రములు ప్రసిద్ధములు. వ్యాకరణము నేర్చుటకంటె వీని పద్ధతులు వంటబట్టుటకే ఎక్కువ కాలము పట్టును. కావున పని యిచ్చువారు కొంత గడువొసగవలయును. నేర్చువారు మొదట చిన్న పనులు చేసి, వానిని అనుభవజ్ఞులచే పరీక్షింపజేసికొనిన పిమ్మటనే డబ్బులెక్కలు ముట్టుట క్షేమము.