పామ్ కుక్కకు కూడా ట్రైనింగ్ కావాలా? ట్రైనర్‌ని ఎట్లా ఎంచుకోవాలి?

ఈ ఎపిసోడ్ చిన్న కుక్కల గురించి. ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ తెల్లగా, బొచ్చుగా ఉన్న కుక్క కనపడితే అందరూ పామేరియన్ అనేస్తారు. నిజానికి మన దగ్గర అట్లా పిలిచేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో టఫీ ఉంది కదా, ఆ జాతే.

లాబ్రడార్ మనుషుల మీదికి దూకితే వెంటనే ట్రైనర్ కోసం వెతుకుతాం. అదే పని పామ్ చేస్తే వీడియో తీసి స్టేటస్ పెడతాం. చుట్టాలొచ్చినప్పుడు మొరిగితే ఎత్తుకుని ముద్దు చేస్తాం. మొరిగితే ఎత్తుకుంటారు అనే కోడ్ రాసింది మనమే, కుక్క దాన్ని రన్ చేస్తోంది, అంతే.

ఇంకో మాట. గుర్రుమన్నందుకు కొట్టకండి. గుర్రుమనడం అంటే "దగ్గరికి రావద్దు, నాకు భయంగా ఉంది" అని చెప్పడం. దెబ్బలకు భయపడి అది గుర్రుమనడం మానేస్తే, చెప్పాపెట్టకుండా కరుస్తుంది. పక్కింటి పాప చేయి చాపిన రోజు ఇదే జరిగితే పాపకు రేబిస్ ఇంజెక్షన్లు, రెండిళ్ల మధ్య గొడవ. ఆఖరికి కుక్కను ఊరి బయట వదిలేసి వస్తారు. ఇంట్లో పెరిగిన ఆ కుక్క వీధిలో ఎట్లా బతుకుతుంది?

మరి ఏం చేయాలి? బెల్ మోగగానే, మొరగకముందే దాన్ని చాప మీదికి పిలిచి, కూర్చున్న సెకనులోనే తిండి ముక్క ఇవ్వండి. శనగబద్ద అంత ఉడికించిన చికెన్ చాలు. ఉల్లిపాయ, మసాలా తగలకూడదు, ఉల్లి కుక్కలకు విషం. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలే. ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. మన ఊళ్లలో అవ్వ "కూసో" అంటుంది, తమ్ముడు "సిట్" అంటాడు, ఎదురింటాయన "బైఠ్" అంటాడు, కన్నడ చుట్టాలొస్తే "కూత్కో". పాపం అది ఏ భాషలో కూర్చోవాల? మెడకు బెల్టు కాకుండా ఛాతీకి వేసే హార్నెస్ కొనండి, ఈ చిన్న జాతుల గొంతు గొట్టం సున్నితం. ఎండాకాలం వాకింగ్ పొద్దున్నే. రోడ్డు మీద మీ అరచేయి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని కాళ్లు కూడా ఆనవు.

ఇక ట్రైనర్. డాగ్ ట్రైనర్ కావడానికి మన దేశంలో లైసెన్సు తప్పనిసరి కాదు, ఎవరైనా బోర్డు పెట్టొచ్చు. అందుకే ఫీజు కంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "కుక్క మాట వినకపోతే మీరేం చేస్తారు?" "దూరం పెంచుతాను, పనిని ఇంకా సులువు చేస్తాను" అంటే కూర్చోబెట్టి టీ ఇవ్వండి. "నేనే బాస్ అని దానికి తెలియాలి" అంటూ చోక్ చైన్, షాక్ కాలర్ తీస్తే వాకిలి దాకా సాగనంపండి. వేల్స్‌లో షాక్ కాలర్లను 2010లోనే నిషేధించారు. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే వెటర్నరీ డాక్టర్ల సంఘం 2021లో బహుమతి పద్ధతే వాడమని తేల్చి చెప్పింది. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కుక్కను కొట్టి హింసించడం నేరం కూడా.

"నెల రోజులు మా దగ్గర వదిలేయండి, గ్యారంటీ" అనే ఆఫర్ నాకైతే నచ్చదు. అక్కడ అది ట్రైనర్ మాట వినడం నేర్చుకుంటుంది. ఇంట్లో బెల్ మోగించేది మీ చుట్టాలు, చాప మీదికి పిలవాల్సింది మీరు. కాబట్టి మీ ఇంట్లో, మీ ముందే నేర్పమనండి, డబ్బు క్లాసుకింత అని ఇవ్వండి. కర్నూలు నుంచో బళ్లారి నుంచో రావడం కుదరదంటే వీడియో కాల్‌లో నేర్పేవాళ్లైనా పర్వాలేదు, ఎట్లాగూ చేయాల్సింది మీరే.

ఇన్నాళ్లూ బాగానే ఉన్న కుక్క ఉన్నట్టుండి కరవడం మొదలుపెడితే మాత్రం ముందు ట్రైనర్ కాదు, పశువుల డాక్టరు. చిన్న జాతుల్లో పంటి నొప్పి, మోకాలి చిప్ప జారడం మామూలే. నొప్పి తగ్గితే కరవడం కూడా తగ్గొచ్చు. పనిలో పని, రేబిస్ టీకా డేట్ కూడా చూపించుకుని రండి.