బ్లూటూత్ మాడ్యూలుకు మన మాట నేర్పడం

సికింద్రాబాద్‌లో మనం కొనే హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూలుకు రహస్య సంఖ్య సాధారణంగా 1234. దాన్ని అలాగే వదిలేసి బావి మోటారు స్టార్టరుకు తగిలించామనుకోండి, నాన్న చెయ్యి పంపు మీద ఉండగా గట్టున పోయే కుర్రాడెవడైనా సెల్‌ఫోనుతో మోటారు ఆన్ చేసేయగలడు!

అందుకని ముందు సంఖ్య మార్చాలి. మాడ్యూలు మీది చిన్న బటన్ నొక్కిపట్టి కరెంటివ్వండి. దీపం రెండేసి సెకన్లకు నింపాదిగా మిణుకుమంటే ఆజ్ఞలకు సిద్ధమన్నమాట. కంప్యూటరులో వేగం 38400 పెట్టి 'ఏటీ' పంపితే 'ఓకే' అంటుంది. (నేను 9600లోనే ఉంచి ఒక సాయంత్రమంతా తల బాదుకున్నాను.) తర్వాత 'ఏటీ+వర్షన్' అడగండి. ఫర్మ్‌వేర్, అంటే చిప్పులోనే రాసిపెట్టిన ప్రోగ్రాము, 3వ వర్షనైతే 'ఏటీ+పీఎస్‌డబ్ల్యూడీ' ఆజ్ఞలో కొత్త సంఖ్యను కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వాలి.

ఫర్మ్‌వేర్‌నే మార్చాలంటే ఎస్‌పీఐ తీగలు విడిగా అతికించాలి. రాస్తుండగా కరెంటు పోతే మాడ్యూలు మూగబోవచ్చు. ఆ పని మా ఊళ్లో మాత్రం పెట్టుకోను.