మహమ్మారి - పల్లెవాసి - సర్కారు

పల్లెకు మహమ్మారి వచ్చినప్పుడు దాని వెంట సర్కారు కూడ వచ్చును. ఈ రెంటిలో దేనికి ఎక్కువ భయపడవలెనో తెలియక పల్లెవాసి తల్లడిల్లిన సందర్భములు చరిత్రలో పెక్కు గలవు. ఆ భయమును మూఢత్వమని త్రోసిపుచ్చుట సులభము. అది ఎట్లు పుట్టినదో పంజాబు ప్లేగు చరిత్రనుండి తెలిసికొందము.

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడినది. 1897 ఫిబ్రవరిలో ప్రభుత్వము అంటువ్యాధుల చట్టము చేసి అధికారులకు విశేషాధికారముల నొసగెను. ఆ ఏడు అక్టోబరులో వ్యాధి పంజాబునందలి జలంధర్ జిల్లాలో ఖట్కర్ కలాన్ అను పల్లెను సోకెను.

అంతవరకు పల్లెవాసి ఎరిగిన సర్కారు శిస్తు వసూలు చేయు సర్కారు, పోలీసు సర్కారు. ఇప్పుడదియే వైద్యుని వెంటబెట్టుకొని ఇంటిలో ప్రవేశించినది. ఊళ్లు ఖాళీ చేయించిరి. చుట్టును కాపలా పెట్టిరి. రోగులను ఇంటివారినుండి వేరుచేసిరి. అట్లు వేరుచేయబడిన వారిలో పెక్కుమంది తిరిగి రాలేదు. ఆ వ్యాధి స్వభావమే అట్టిది. కాని గుమ్మములో నిలిచి చూచుచున్న తల్లికి తెలిసినది ఒక్కటే: సర్కారు తీసికొనిపోయిన బిడ్డ మరణించినాడు. బావులలో విషము కలుపుచున్నారను వదంతికి ఇంతకంటె అనువైన నేల ఏమి కావలెను? 1898 ఏప్రిల్‌లో గఢ్‌శంకర్‌లో జనము తిరుగబడగా పోలీసులు కాల్పులు జరిపిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి.

పల్లెవాసికి ప్లేగును గూర్చి ఏమియు తెలియదనుట కూడ సరికాదు. హిమాలయ ప్రాంతమున కుమావూను, గఢ్వాలు పల్లెలలో ఎలుకలు చచ్చి పడినచో జనులు తామే ఇండ్లు విడిచి దూరముగా పాకలు వేసికొనెడివారు. ఎలుకల ఒంటిమీద బ్రతుకు చిన్న పురుగు కాటువలన ప్లేగు మనుష్యులకు సోకునని సిమో అను ఫ్రెంచి వైద్యుడు ప్రకటించినది 1898లో. ఆ పల్లెల ఆచారము అంతకు పూర్వమే ఉన్నది. ఊరు విడుచుట ఇచ్చటను, పంజాబులోను ఒక్కటియే. ఇచ్చట ఊరివారు తమంత తాము కదలిరి. అచ్చట కాపలా నడుమ కదలింపబడిరి. భేదమెల్ల అందులోనే గలదు.

కాలక్రమమున ప్రభుత్వము బలవంతమును సడలించి, హాఫ్‌కిన్ కనుగొనిన టీకాను ఇష్టపడినవారికే వేయనారంభించెను. అంతలో 1902 అక్టోబరు 30వ తేదీన మల్కోవాల్ పల్లెలో 107 మందికి టీకా వేయగా 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. ఆ 19 మందికిని ఒక్క సీసానుండియే మందు వేయబడినది. హాఫ్‌కిన్‌పై మోపబడిన నింద 1907లో గాని తొలగలేదు. నిజము నిలుకడమీద తేలులోపల భయము ఊరూర వ్యాపించెను. టీకాకు ముందుకు వచ్చువారు తగ్గిపోయిరి. ప్లేగు మాత్రము తగ్గలేదు. తరువాతి సంవత్సరములలో పంజాబులో లక్షలాది జనులు దానికి బలియైరి. ఇచట సర్కారును నమ్మకపోవుటకు పల్లెవారికి కారణమున్నది. ఆ అపనమ్మకమునకు ప్రాణములతో మూల్యము చెల్లించినవారును వారే.

ఇది గతించిన గాథ యని మనము నిశ్చింతగా ఉండరాదు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు పెక్కు రాష్ట్రములు ప్రయోగించినది ఆ 1897 నాటి చట్టమునే. చట్టము అధికారము నీయగలదు, విశ్వాసము నీయలేదు. రోగిని ఎచ్చటికి కొనిపోవుచున్నారో ఇంటివారికి చెప్పుట, వెంట ఒకరిని రానిచ్చుట, పొరపాటు జరిగినచో వెంటనే ఒప్పుకొనుట: ఇవి ఖర్చులేని పనులు. వీనిని చేసిన సర్కారును పల్లెవాసి తనదిగా భావించును.

ఇందు మా వంతును గలదు, మీ వంతును గలదు. వదంతికంటె ముందుగా నిజమైన వార్తను మీ ఇంటికి చేర్చుట మా విధి. విన్న మాటను ఇరుగుపొరుగు వారికి ఉన్నదున్నట్లు చెప్పుట రేడియోగల ప్రతి ఇంటివారి విధి.