పన్నెండు మీటర్ల దూరంలో

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో ఎమర్సన్ అనే చిన్న ఊరుంది. దానికి తూర్పున, అమెరికా సరిహద్దుకు సుమారు 12 మీటర్ల ఇవతల, 2022 జనవరి 19న మంచులో నాలుగు మృతదేహాలు దొరికాయి. భార్య, భర్త, పదకొండేళ్ళ కూతురు, మూడేళ్ళ కొడుకు. గుజరాత్‌లో గాంధీనగర్ జిల్లా డింగుచా గ్రామం వాళ్ళది. అంతకు వారం ముందే టొరంటోలో దిగారు.

పసిపిల్లలతో ఎవరైనా అంత చలిలో నడుస్తారా అని మనకు అనిపించడం సహజం. కాని వాళ్ళు ఆకలికి తాళలేక ఊరు విడిచినవాళ్ళు కారు. ఆ ప్రాంతపు పల్లెల్లో విదేశంలో ఒక్కరైనా లేని ఇల్లంటే లోకువ. పెళ్ళి సంబంధాల దగ్గరా అదే లెక్క. డాలర్లతో లేచిన పక్కింటి మేడ రోజూ కళ్ళెదుట కనిపిస్తుంది. ఆ డాలర్ల వెనక పడ్డ పాట్లు కనిపించవు.

ఏజెంట్లకు పెట్టుబడి ఈ ఆశే. విజిటర్ వీసా మీదో, స్టూడెంట్ వీసా మీదో కెనడా చేరుస్తారు. అక్కడినుంచి సరిహద్దు దాటడం కాలినడకన. అడుగడుగునా మనిషి మారతాడు, ఎవడికీ బాధ్యత ఉండదు. పంజాబీలు ఇలాంటి దొంగదారులనే ‘డంకీ’ అంటారు. పొలం అమ్మి, అప్పు చేసి లక్షలు కట్టినవాడికి మధ్యలో వెనక్కి తిరిగే ధైర్యం ఉండదు.

ఆ రాత్రి పదకొండు మంది బయల్దేరారు. గాలితో కలిపితే చలి మైనస్ 35 డిగ్రీల సెంటీగ్రేడ్‌ను మించింది. చీకట్లో, మంచు తుఫానులో ఈ నలుగురూ తప్పిపోయారు. పదకొండు గంటలకు పైగా నడిచామని చెప్పిన ఐదుగురు అమెరికా పోలీసులకు చిక్కారు. వారిలో ఒకతని సంచిలో పసివాడి డైపర్లు, ఆటబొమ్మలు ఉన్నాయి. వెంట పసివాడు లేడు. అప్పుడే వెతుకులాట మొదలైంది.

2024 నవంబరులో మిన్నెసోటా కోర్టులో జ్యూరీ ఇద్దరిని దోషులుగా తేల్చింది. 2025 మే నెలలో ఒకరికి పదేళ్ళు, ఇంకొకరికి ఆరున్నరేళ్ళు శిక్ష పడింది. ఈలోగా, 2025 ఫిబ్రవరి 5న, 104 మంది భారతీయులను సంకెళ్ళతో అమృత్‌సర్‌లో దించింది అమెరికా సైనిక విమానం.

ఇదంతా గుజరాతీల, పంజాబీల గొడవ అనుకుందామా? 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుల్లో పడ్డవాళ్ళలో ఎక్కువమంది మన పిల్లలే. 2019లో మిషిగన్‌లో ప్రభుత్వమే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలోనూ అంతే. వాళ్ళు మంచులో నడవలేదు, విమానంలోనే వచ్చారు. కాని నడిపించిన ఆశ ఒకటే.

మనం ఊరికి వెళ్ళినప్పుడు కొత్త ఇల్లు, కారు ఫోటోలు చూపిస్తాం. వాటికి కట్టే అప్పు సంగతి, వీసా కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు సంగతి చెప్పం. కాగితాలు లేనివాడు అమ్మా నాన్నా పోయినా ఇండియా వెళ్ళలేడని, వెళితే తిరిగి రాలేడని అసలే చెప్పం. ఆ వెలితిని ఏజెంటు తనకు నచ్చిన కథతో నింపుకుంటాడు. ఈసారి ఎవరైనా, “బాబాయ్, ఎలాగైనా అక్కడికి వచ్చేస్తా,” అంటే, ఆ ‘ఎలాగైనా’ అంటే ఏమిటో కూర్చోబెట్టి వివరంగా చెబుదాం.